మురికి అన్న మాటే పేరైంది: 'సోల్ ఫుడ్' పాటలూ, వాటిని విన్నవాళ్ళూ

అమెరికా నల్లవాళ్ళ గురించి మన దగ్గర తెలిసినవాళ్ళలో చాలామంది 'ఏడు తరాలు' చదివి తెలుసుకున్నవాళ్ళే. అలెక్స్ హేలీ 'రూట్స్'ని సహవాసి తెలుగు చేసిన ఆ పుస్తకం హాస్టల్ గదుల్లో చేతులు మారి, అట్ట ఊడిపోయిందాకా చదివాం. ఆ తర్వాత బ్లాక్ పాంథర్స్ గురించి విన్నాం. వాళ్ళ పేరు మీదనే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టిందని తెలిసి గర్వపడ్డాం. మాల్కం ఎక్స్‌ని చదివాం. అయితే ఒక సంగతి గమనించలేదు. కుంటా కింటే పిల్లల బానిసబతుకు గడిచింది దక్షిణాది పొలాల్లో. పాంథర్స్ పుట్టింది పడమటి తీరాన ఓక్లాండ్‌లో. మాల్కం గొంతు మోగింది న్యూయార్క్ హార్లెంలో. మధ్యలో దక్షిణాదివాడే అయిన మార్టిన్ లూథర్ కింగ్ ఉన్నా, గాంధీ శిష్యుడని ఆయన్ని మనవాళ్ళు కొంచెం పక్కనే పెట్టారు. అట్లా బానిసత్వం అంటే దక్షిణం, తిరుగుబాటు అంటే ఉత్తరం, పడమర అన్న పటం ఒకటి మన బుర్రల్లో గీసుకుపోయింది.

ఆ పటం నల్లవాళ్ళ బుర్రల్లో కూడా ఉండేది. అది ఎట్లా చెరిగిందో చెప్పడానికి ఒక పాటల ఆల్బమ్ చరిత్ర పనికొస్తుంది. అట్లాంటా నగరానికి చెందిన గూడీ మాబ్ అనే నలుగురి బృందం 1995 నవంబర్ 7న విడుదల చేసిన 'సోల్ ఫుడ్' అది. పాటల గొప్పతనాన్ని తూచడం ఇక్కడ నా పని కాదు. పీడితుల్లోనే ఎవరి గొంతు పీడితుల గొంతుగా చెల్లుతుంది, ఎవరిది చెల్లదు అన్న ప్రశ్న ఈ ఆల్బమ్ చుట్టూ నడిచింది. ఆ ప్రశ్న మనదీ కాబట్టే రాస్తున్నాను.

ఎవరు ఎవర్ని చూసి నవ్వారు

హిప్‌హాప్ పుట్టుక 1973లో న్యూయార్క్ బ్రాంక్స్ పేటలో అని చెప్తారు. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబంలోని డీజే కూల్ హర్క్ పెట్టిన పార్టీలతో అది మొదలైంది. ఎనభైల చివరికి లాస్ ఏంజెలెస్ రెండో కేంద్రమైంది. ఈ రెండు తీరాల మధ్య పోటీయే రాప్ చరిత్ర అయి కూర్చుంది. దక్షిణాదిలో పాటలు లేవా అంటే ఉన్నాయి. హ్యూస్టన్‌లో గెటో బాయ్స్ ఉన్నారు. మయామీలో 2 లైవ్ క్రూ అశ్లీలం కేసుల్లో కోర్టుల దాకా వెళ్ళింది. అట్లాంటా నుంచే వచ్చిన అరెస్టెడ్ డెవలప్‌మెంట్‌కి 1993లో గ్రామీ బహుమతులు వచ్చాయి. అయినా దక్షిణాది రాప్ అంటే పల్లెటూరి మోత, సాగదీసే యాస, ఆలోచన లేని గంతులు అన్న చులకన పోలేదు.

ఈ చులకన తెల్లవాళ్ళ దగ్గర మాత్రమే ఉంటే అందులో వింత లేదు. 1910 నుంచి 1970 వరకు సుమారు 60 లక్షల మంది నల్లవాళ్ళు దక్షిణాది వదిలి ఉత్తర, పడమటి నగరాలకు వలస పోయారు. పత్తి చేల కౌలు అప్పులు, చెట్టుకు వేలాడదీసి చంపే గుంపులు, ఓటు లేని బతుకు వాళ్ళను తరిమాయి. న్యూయార్క్‌లో రాప్ వింటున్న నల్ల కుర్రాళ్ళలో ఎంతోమందికి నాయనమ్మో అమ్మమ్మో దక్షిణాది మనిషే. ఊరు వదిలినవాళ్ళ మనవలు ఊళ్ళో మిగిలినవాళ్ళని చూసి నవ్వారు. వాషింగ్టన్‌లో 'బామా' అని ఒక తిట్టుంది. అలబామా అన్న రాష్ట్రం పేరులోంచి తీసిన ముక్క అది. పట్నం తీరు తెలియని మొద్దు అని అర్థం. తిట్టేవాడూ నల్లవాడే, తిట్టించుకునేవాడూ నల్లవాడే.

నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మా ఇంట్లో మొదట యూనివర్సిటీ గుమ్మం ఎక్కినవాణ్ణి నేను. మొదటిసారి సెమినార్లో పేపర్ చదువుతుంటే మా వాడ మాట ఒకటి నోరు జారింది. గది నవ్వింది. అగ్రవర్ణాల పిల్లలు నవ్వినందుకు నేను అంతగా కుంగలేదు. రెండు తరాల ముందే పట్నం చేరిన మనవాళ్ళ పిల్లలు ఇద్దరు నవ్వారు, అది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వాళ్ళను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. వాళ్ళ తాతలు ఎంత అవమానం నుంచి పారిపోయి వచ్చారో, ఆ మాట వినగానే ఆ అవమానం మళ్ళీ మీదికొస్తుందన్న భయం ఎంత ఉంటుందో తర్వాత అర్థమైంది. న్యూయార్క్ శ్రోతల నవ్వులోనూ ఆ భయం ఉందనుకుంటాను.

1995 ఆగస్టు 3న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ పారమౌంట్ థియేటర్లో 'సోర్స్' పత్రిక అవార్డుల సభ జరిగింది. కొత్త బృందాల్లో ఉత్తమ బృందంగా అట్లాంటాకు చెందిన ఔట్‌కాస్ట్ పేరు చదవగానే హాల్లో గేలి మొదలైంది. ఆ ఇద్దరు కుర్రాళ్ళ మొదటి ఆల్బమ్ అప్పటికే లక్షల్లో అమ్ముడుపోయింది. అయినా గేలి ఆగలేదు. వాళ్ళలో ఒకడైన ఆండ్రే మైకు దగ్గర నిలబడి, దక్షిణాదికీ చెప్పుకోవాల్సింది ఉందని ఒక్క మాట అని దిగిపోయాడు. బృందం పేరు చూడండి. ఔట్‌కాస్ట్ అంటే వెలివేయబడినవాడు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టళ్ళ నుంచి గెంటేసిన దళిత విద్యార్థులు తాము వేసుకున్న గుడారానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. వీళ్ళకు వాళ్ళు తెలిసి పెట్టుకున్నది కాదు. వెలివేసినవాడి మాటనే ఎత్తి జెండాగా కట్టడం వెలికి గురైనవాళ్ళకు ఎక్కడైనా తోచే పనే.

ఆ సభ జరిగిన మూడు నెలలకు ఔట్‌కాస్ట్ తోటివాళ్ళైన గూడీ మాబ్ ఆల్బమ్ వచ్చింది. దక్షిణాదికి చెప్పాల్సింది ఏమిటో అందులో ఉంది.

అట్లాంటా: నల్ల మేయర్లు, నల్ల పేదలు

అట్లాంటా మామూలు ఊరు కాదు. డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్ ఇక్కడి అట్లాంటా యూనివర్సిటీలో రెండు దఫాలుగా పాఠాలు చెప్పాడు. 1946లో అంబేద్కర్ ఉత్తరం రాసింది ఈ డుబోయిస్‌కే. కింగ్ పుట్టింది ఇక్కడే. కింగ్‌కి గురువైన బెంజమిన్ మేస్ ఇక్కడి మోర్‌హౌస్ కాలేజీకి అధ్యక్షుడు. మేస్ 1937 మొదట్లో మైసూరు వచ్చినప్పుడు దగ్గర్లోని అంటరాని పిల్లల బడికి పిలిచి, మీలాంటి అంటరానివాడే ఇంత పైకొచ్చాడని హెడ్మాస్టరు పిల్లలకు పరిచయం చేశాడు. విని మేస్ మొదట ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆలోచించుకుంటే నా దేశంలో నేను నిజంగా అంటరానివాణ్ణే కదా అనిపించిందని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ మేస్ పేరు పెట్టిన హైస్కూల్లోనే గూడీ మాబ్ వాళ్ళలో కొందరు చదివారు.

1973లో మేనార్డ్ జాక్సన్ గెలిచిన దగ్గర్నుంచి అట్లాంటాకు నల్ల మేయర్లే. నల్ల డాక్టర్లు, లాయర్లు, వ్యాపారులు అక్కడ ఎక్కువ. నల్లవాళ్ళ మక్కా అని పేరు. కానీ మక్కాలో పేదలు ఎట్లా బతికారు? 1979-81 మధ్య ఆ ఊళ్ళో వరసగా నల్ల పిల్లలూ యువకులూ హత్యకు గురయ్యారు. పోలీసుల లెక్కలోకి వచ్చినవాళ్ళే ఇరవై ఎనిమిదికి పైన. గూడీ మాబ్ నలుగురూ అప్పుడు పసివాళ్ళు. చీకటి పడేలోగా ఇంటికి రాకపోతే తల్లులు వణికిపోయిన కాలంలో పెరిగారు. ఎనభైల చివర్లో మత్తుమందుల మీద యుద్ధమని చెప్పి పోలీసులు రెడ్ డాగ్ అనే ప్రత్యేక దళాన్ని పేటల మీదికి వదిలారు. 2011లో గానీ అది రద్దు కాలేదు.

1990లో అట్లాంటాకు ఒలింపిక్స్ ఖాయమయ్యాయి. దేశంలో కేంద్ర ప్రభుత్వ డబ్బుతో కట్టిన మొట్టమొదటి పేదల ఇళ్ళ సముదాయం టెక్‌వుడ్ హోమ్స్ ఆ ఊళ్ళోనే ఉంది. 1936లో తెరిచినప్పుడు అది తెల్లవాళ్ళకే. 1968లో గానీ నల్లవాళ్ళకు తలుపు తెరవలేదు. తొంభైలకు అందులో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ నల్ల పేదలే. 1996 జులైలో ఆటలు మొదలయ్యే లోపు దాన్ని కూలగొట్టే పని మొదలైంది. ప్రపంచం చూసేటప్పుడు కంటికి కనపడకూడనిదాన్ని నల్ల మేయర్ల పాలనలోనే తుడిచేశారు. కుర్చీలో మనవాడు కూర్చుంటే చాలనుకునేవాళ్ళు ఈ సంగతి ఆలోచించుకోవాలి. ఇదే కాలంలో, 1994లో, క్లింటన్ సంతకంతో కఠిన నేరచట్టం వచ్చింది. మూడో తీవ్ర నేరానికి యావజ్జీవం అందులో ఉంది. జార్జియా రాష్ట్రం ఒకడుగు ముందుకేసి రెండో నేరానికే అన్నది. 1995 నాటికి దేశంలో జైళ్ళలో ఉన్నవాళ్ళు 15 లక్షలు దాటారు.

నేలమాళిగలో తయారైన పాటలు

'సోల్ ఫుడ్'కి సంగీతం కట్టింది ఆర్గనైజ్డ్ నాయిజ్ అనే ముగ్గురు - రికో వేడ్, రే మర్రీ, స్లీపీ బ్రౌన్. రికో వేడ్ వాళ్ళమ్మ అద్దె ఇంటి కింద ఎర్రమట్టి నేల ఉన్న మాళిగ ఒకటుంది. దానికి 'డంజన్' అని, అంటే చీకటి కొట్టని, పేరు పెట్టుకున్నారు. ఔట్‌కాస్ట్, గూడీ మాబ్ ఆ మట్టి మీదే కూర్చుని పాట కట్టుకున్నారు. బృందం పేరుకు వాళ్ళు చెప్పిన అర్థాల్లో ఒకటి, మంచివాళ్ళు చచ్చేది ఎక్కువగా పనికిమాలిన గొడవల్లోనే అని. సీలో తల్లిదండ్రులిద్దరూ చర్చి బోధకులు. ఆల్బమ్ మొదట్లో విడుదల కోసం సీలో ఒక్కడే పాడే చిన్న పాట రాప్ కాదు. బానిసలు చేలల్లో పాడుకున్న భక్తిపాటల వరస అది.

'సెల్ థెరపీ' అన్న పాట తాము ఉండే ఇళ్ళ చుట్టూ కట్టిన గేటు గురించి. కాపలా పెట్టింది దొంగలు లోపలికి రాకుండానా, మేం బయటికి పోకుండానా అని ఆ పాట అడుగుతుంది. మరో పాట పేరు 'లైవ్ ఎట్ ది ఓమ్ని'. ఓమ్ని అట్లాంటాలో ఆటలూ కచేరీలూ జరిగిన పెద్ద స్టేడియం. దాని అక్షరాలనే విడగొట్టి, జైళ్ళలో మగ్గుతున్న పదిలక్షల నల్లవాళ్ళు అన్న అర్థం తీశారు. ఊరు గొప్పగా చెప్పుకునే కట్టడం పేరులోంచే జైలును బయటికి లాగారు.

'డర్టీ సౌత్' అన్న పాటలో కూల్ బ్రీజ్, ఔట్‌కాస్ట్‌లోని బిగ్ బోయ్ కూడా గొంతు కలిపారు. మత్తుమందుల బేరాలు, తలుపు బద్దలుకొట్టే రెడ్ డాగ్ పోలీసులు అందులో ఉన్నారు. డర్టీ అంటే మురికి. ఆ మురికి ఎవరిది? పేటదా, పోలీసులదా, ఆ నేల మీద జరిగిన చరిత్రదా? 1956లో జార్జియా తన రాష్ట్ర జెండాలో, బానిసత్వాన్ని కాపాడుకోవడానికి యుద్ధం చేసిన దక్షిణాది సైన్యపు గుర్తును చేర్చుకుంది. 2001 దాకా తీయలేదు. ఒలింపిక్స్‌లోనూ ఆ జెండానే ఎగిరింది. ఈ మురికి మాది కాదని ఆ పాట కడుక్కోదు. మేమున్నది ఇందులోనే, చేసిందెవరో మీరే చూడండి అంటుంది.

ఆల్బమ్‌కి పేరునిచ్చిన 'సోల్ ఫుడ్' తిండి గురించిన పాట. బానిసల కాలంలో దొర మంచి మాంసం తీసుకోగా మిగిలిన పేగులు, కాళ్ళు, తలకాయ నల్లవాళ్ళ వంటయింది. ఆఫ్రికా నుంచి వచ్చిన అలసందలు, బెండకాయ, చేలో పెంచుకున్న ఆకుకూర, మొక్కజొన్న రొట్టె తోడయ్యాయి. బోటి, తలకాయ కూర తిని పెరిగినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. అరవైల్లో ఈ వంటకు సోల్ ఫుడ్, అంటే ఆత్మ తిండి, అన్న పేరు గర్వంగా నిలబడింది. జార్జియాలోనే పుట్టి ఉత్తరాదిలో నేషన్ ఆఫ్ ఇస్లాంని నడిపిన ఎలైజా మహమ్మద్ మాత్రం ఇది బానిస తిండి, వదిలేయండి అన్నాడు. మన దగ్గరా ఈ రెండు దారులూ ఉన్నాయి. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానేయమన్నాడు. 2012లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు బీఫ్ పండగ చేశారు. రెండూ ఆత్మగౌరవం కోసమే. గూడీ మాబ్ పాట ఇంకో ప్రశ్న కలిపింది. పేటలో ఇంత చవగ్గా దొరికే ఫాస్ట్‌ఫుడ్ ఎందుకింత చవక, దాని రోగం ఎవరికి, లాభం ఎవరికి? దానికి ఎదురుగా ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని తినే కంచాన్ని పెట్టింది.

విన్నవాళ్ళు

'సెల్ థెరపీ' బిల్‌బోర్డ్ రాప్ పాటల పట్టీలో మొదటి స్థానానికి ఎక్కింది. ఆల్బమ్‌కి గోల్డ్ గుర్తింపు, అంటే అయిదు లక్షల అమ్మకాల గుర్తింపు, దక్కింది. పెద్ద తీరాల బృందాల లెక్కలో అది గొప్ప అంకె కాదు. ఈ ఆల్బమ్ విషయంలో అమ్మకం కంటే శ్రోతలు చేసిన పని ముఖ్యం. వాళ్ళు ఒక పాట పేరును తీసుకుని ఒక ప్రాంతానికి పెట్టారు. ఒక పేట కుర్రాళ్ళు అన్న మాటలో హ్యూస్టన్, మెంఫిస్, న్యూ ఆర్లియన్స్ వాళ్ళూ తమను చూసుకున్నారు. కొన్నేళ్ళకే 'డర్టీ సౌత్' మొత్తం దక్షిణాది రాప్‌కి పేరయింది. నిన్నటిదాకా మురికి అని ముక్కు మూసుకున్నవాళ్ళు ఇప్పుడు ఆ పేరుతోనే పిలవాల్సి వచ్చింది. నలిగినవాడు అన్న అర్థమున్న 'దళిత' మాట మనకు బిరుదైన తీరు ఇదే కదా.

మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో పుట్టిన రచయిత కియేసే లేమన్, న్యూయార్క్ రాప్ వింటూ పెరిగిన దక్షిణాది పిల్లవాడు తన నోటిని తానే ఎట్లా పరాయి చేసుకుంటాడో రాశాడు. జార్జియాకు చెందిన పరిశోధకురాలు రెజీనా బ్రాడ్లీ 2021లో తెచ్చిన పుస్తకంలో, పౌరహక్కుల ఉద్యమం తర్వాత పుట్టిన దక్షిణాది తరం తన కాలాన్ని చెప్పుకోవడానికి దొరికిన భాష ఈ హిప్‌హాప్ అని వాదించింది. కవాతుల ఫొటోల్లో తమ ముసలివాళ్ళ ముఖాలే చూస్తూ పెరిగిన పిల్లలకు, మీ కథ అయిపోలేదు అని చెప్పినవి ఈ పాటలే. అదే 2021లో వర్జీనియా ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం దక్షిణాది నల్ల కళల మీద పెద్ద ప్రదర్శన పెట్టి దానికి 'డర్టీ సౌత్' అనే పేరు పెట్టింది. దక్షిణాది సైన్యానికి రాజధానిగా ఉన్న రిచ్‌మండ్‌లో అది జరిగింది.

ఇంతటితో ఆపి గెలిచాం అనుకోవడం తప్పు. బజారు కూడా వింటుంది. కొత్త శతాబ్దం మొదటి పదేళ్ళలో దక్షిణాది రాపే అమెరికా మార్కెట్టును ఏలింది. 2004లో ఔట్‌కాస్ట్‌కి సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. మరోపక్క 'డర్టీ' మాటలోంచి రెడ్ డాగ్ పోలీసులు, గేట్లు జారిపోయి, క్లబ్బూ కారూ చిందూ మిగిలాయి. గూడీ మాబ్ కూడా 1999లో 'వరల్డ్ పార్టీ' అన్న ఆల్బమ్‌తో ఆ దారే పట్టింది. పాత శ్రోతలు నొచ్చుకున్నారు. సీలో బృందం వదిలి సొంత దారి చూసుకున్నాడు. మనం పెట్టుకున్న పేరు మన చేతిలోనే ఉంటుందన్న భరోసా లేదని ఈ చరిత్ర చెప్తుంది. పోస్టర్ల మీద, పార్టీ పేర్ల మీద 'బహుజన' మాట వాడకం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

రెండు అభ్యంతరాలు

ఈ పాటల్ని తలకెత్తుకునేముందు రెండు మాటలు చెప్పాలి. మొదటిది, 'సెల్ థెరపీ'లో గేటు ప్రశ్న ఎంత నిజమో, దాని పక్కనే ఉన్న రహస్య ప్రపంచ ప్రభుత్వం, కుట్ర కథలు అంత పొల్లు. ప్రభుత్వం నిజంగానే పేటల్ని కూల్చి, చట్టాలు చేసి, పిల్లల్ని జైళ్ళకు పంపుతుంటే జనం కుట్ర కథల్ని ఎందుకు నమ్ముతారో అర్థమవుతుంది. కానీ ఆ పనులన్నీ పట్టపగలు, బడ్జెట్లలో, శాసనసభల్లో జరిగాయి. కనపడని శత్రువును వెతికితే కనపడేవాడు తప్పించుకుంటాడు.

రెండోది, ఆదివారం కంచం వండిందెవరు? ఆల్బమ్‌లో తల్లుల మీద పాటుంది. అందులో ప్రేమ నిజమైనదే. అయితే స్త్రీ అక్కడ వండే తల్లిగా, ఏడ్చే తల్లిగా కనపడినంతగా మాట్లాడే మనిషిగా కనపడదు. ఆల్బమ్ రావడానికి మూడు వారాల ముందు, 1995 అక్టోబర్ 16న, వాషింగ్టన్‌లో పదిలక్షల మగవాళ్ళ కవాతు జరిగింది. నల్ల స్త్రీవాదులు అప్పుడే దాన్ని నిలదీశారు. ఆ నిలదీతను ఈ పాటలకూ వర్తింపజేయాలి. మన దళిత సాహిత్యంలో అమ్మ మీద ఎన్ని కవితలున్నాయో, ఆ అమ్మలు తమ నోటితో చెప్పింది ఎంత అచ్చయిందో లెక్క చూసుకున్నాకే వాళ్ళను వేలెత్తి చూపే హక్కు మనకొస్తుంది.

రికో వేడ్ 2024 ఏప్రిల్‌లో 52 ఏళ్ళకే చనిపోయాడు. స్టూడియో అద్దెకు డబ్బు లేక, యాస మార్చుకోవడం ఇష్టం లేక, తల్లి ఇంటి కింద మట్టినేల మీద కూర్చోబెట్టి వాళ్ళ చేత పాడించినవాడు. కేంద్రం భాష నేర్చుకున్నాకే మాట్లాడదామని వాళ్ళు ఆగి ఉంటే, దక్షిణాది ఇంకా బామాగానే మిగిలేది. మన హాస్టళ్ళకూ యూనివర్సిటీలకూ ఇవాళ కొత్తగా వస్తున్న పిల్లల నోట్లో వాడ మాట జారినప్పుడు ఎవరో ఒకరు నవ్వుతారు. ఆ నవ్వేవాళ్ళలో మనం లేకుండా చూసుకోవడం ముందు పని. ఆ మాటను పేపర్లోంచి కొట్టెయ్యకుండా అచ్చుకు పంపడం తర్వాతి పని.